ఆస్టా ఒంటి వేడి, ఆర్గన్ శ్రుతి

ఆర్గన్ లోపల మనిషి నిలబడే చోటు మూరెడు వెడల్పు ఉంటుంది. ఒక చెక్క పలక, దానికి అటూ ఇటూ గొట్టాలు. మనిషికి రెండింతల ఎత్తున్నవి వెనక, పెన్సిలంత సన్నవి ముందు. ఆస్టా కెల్డ్‌సెన్ తన యాభై రెండేళ్ళ జీవితంలో ఇరవై ఎనిమిదేళ్ళు అలాంటి పలకల మీద నిలబడే గడిపింది. లింఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ చుట్టుపక్కల ఉన్న తెల్లసున్నం చర్చిల్లో ఆర్గన్‌లకు శ్రుతి చేయడం ఆమె పని.

ఈ పని ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెళ్ళయిన కొత్తలో అత్తగారింట్లో మూలపడిన హార్మోనియాన్ని విప్పింది. మళ్ళీ ఎక్కడివక్కడ అమర్చలేక మూడు వారాలు తిప్పలు పడింది. నాలుగో వారం దాంట్లోంచి శబ్దం వచ్చింది. ఐదో వారం ఆ శబ్దం వినడానికి బాగుంది. ఆ ధైర్యంతోనే ఆర్గన్‌లు తయారుచేసే ఫ్రోడె వర్క్‌షాపుకి వెళ్ళి పని అడిగింది. మాటలు చెప్పేవాళ్ళంటే ఆమెకు మొదటి నుంచీ పడదు. కొత్తగా ఎవరైనా చేరితే వాళ్ళు చెప్పేది వినదు, చేతులు చూస్తుంది.

శ్రుతి చేయడానికి ఇద్దరు కావాలి. బయట వాయించే మెట్ల ముందు కూర్చుని ఒక్కొక్క మెట్టే నొక్కి పట్టేవాడు ఒకడు. ఆ పని ఎగోన్‌ది. అరవై దాటిన మనిషి, రోజుకు నలభై మాటలకు మించి ఖర్చు పెట్టడు. లోపల గొట్టాల మధ్య నిలబడి, చిన్న ఇత్తడి కోనుతో గొట్టం కొసను తట్టేది ఆస్టా. కొస కొద్దిగా విచ్చుకుంటే శ్రుతి పైకి పోతుంది, ముడుచుకుంటే కిందికి దిగుతుంది. తట్టడం అందరికీ వస్తుంది. అసలు కష్టం వేడితోనే. చెయ్యి తగిలినా, ఊపిరి తగిలినా సన్న గొట్టం వేడెక్కి శ్రుతి పైకి పోతుంది. అది చూసి కిందికి దించామో, గొట్టం చల్లారాక శ్రుతి దిగిపోయి కూర్చుంటుంది. అందుకని శ్రుతి చేసేవాళ్ళు గొట్టాల మధ్య ఊపిరి బిగబట్టి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని మెలగాలి.

ఈ విషయంలో ఆస్టాకు ఎదురులేదని పేరు. ఆమెది సహజంగా చల్లటి ఒళ్ళు. చేతులు ఎండాకాలంలో కూడా మంచులా ఉండేవి. పడకలో ఆమె కాళ్ళు తగిలితే భర్త కెవ్వున కేకపెట్టేవాడు. "ఈ పనికి శిక్షణ ఎందుకు? చల్లటి రక్తం ఉంటే చాలు" అని ఆమె ఎన్ని కాఫీ బల్లల దగ్గర చెప్పుకుందో లెక్కలేదు. ఆ మాటలు గుర్తొస్తే ఇప్పుడు ఆమెకు తన నోరు తనే మూసెయ్యాలనిపిస్తుంది.

ఆ ఏడు సెప్టెంబరులో నోర్‌బీ చర్చి ఆర్గన్‌ను ఫ్రోడె వర్క్‌షాపు బాగుచేసి తిరిగి నిలబెట్టింది. క్రిస్మస్ ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిదానికి బిషప్పు వచ్చి దాన్ని ప్రారంభించాలి. అక్టోబరు మొదట్లో ఆస్టా దానికి శ్రుతి చేసి, చేతులు దులుపుకుని ఇంటికి వెళ్ళింది. మర్నాడు వాయించి చూసిన ఊల్లా ఫోను చేసింది. ఆమె ఆ చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది.

"ఆస్టా, పై వరస దిగిపోయింది."

"ఎంత?"

"నా చెవికి తెలిసేంత. మా ఊరివాళ్ళకి కూడా తెలిసేంత అంటే నీకు అర్థమవుతుందిగా."

ఆస్టా తిట్టుకుంటూ వెళ్ళింది. మొదట చర్చి కాపలాదారు విగోను పట్టుకుంది. ఆర్గన్‌ను ఏ వేడిలో వాయిస్తారో ఆ వేడిలోనే శ్రుతి చేయాలి. అందుకని ముందురోజు నుంచే చర్చిని పద్దెనిమిది డిగ్రీల దగ్గర నిలబెట్టమని ఆమె అతనికి చెప్పి ఉంచింది.

"విగో, రాత్రి హీటరు ఆపావా?"

"ఆపలేదు."

"తలుపు తీశావా?"

"తియ్యకుండా ఇంటికెట్లా పోను? గంట తాడు పట్టుకుని కిటికీలోంచి దూకమంటావా?"

"పద్దెనిమిది పెట్టమన్నాను."

"పద్దెనిమిదే పెట్టాను. నాకు అంకెలొచ్చు తల్లీ. ముప్పై ఏళ్ళుగా సమాధుల మీద తారీకులు చదువుతున్నా."

ఆస్టా అతని మాట నమ్మలేదు. మూడు థర్మామీటర్లు తెచ్చి దారాలు కట్టి వేలాడదీసింది. చర్చి నడుమ ఉన్నది పద్దెనిమిది చూపించింది. ఆర్గన్ మీద పెట్టినదీ పద్దెనిమిదే. లోపల తన మోచేతి పక్కన వేలాడదీసినది మాత్రం కాసేపు పద్దెనిమిది, కాసేపు ఇరవైన్నర చూపించింది. ఆమె ఆ మూడోదాన్ని విప్పి చూసి, చెడిపోయిందని తేల్చి సంచిలో పడేసింది. ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్న మనిషి చేసిన పని ఇది.

రెండోసారి శ్రుతి చేసింది. అది కూడా మర్నాటికి దిగింది. ఈసారి గబ్బిలాలను అనుమానించింది. తరవాత గొట్టాల లోహంలో తగరం కలిపిన పాళ్ళను. తరవాత ఊల్లా చెవిని. తన స్వెటరు మరీ మందంగా ఉందని కూడా అనుకుంది. పని మధ్యలో ఉన్నట్టుండి ఒళ్ళు భగ్గుమనడం, జుట్టు మెడకు అతుక్కుపోవడం, కళ్ళద్దాల మీద ఆవిరి పట్టడం అన్నీ ఆ స్వెటరు చలవే అనుకుంది. స్వెటరు విప్పేసింది. అయినా భగ్గుమంది. చొక్కా కూడా మందమేనని తేల్చింది.

మూడోసారి చూడడానికి వెళ్ళిన రోజు మధ్యాహ్నం, ఆర్గన్ ముందు బల్ల మీద కూర్చుని ఆమె, ఎగోన్ తెచ్చుకున్న రై రొట్టె తింటున్నారు. ఆస్టా రొట్టె చుట్టిన కాగితాన్ని తిరగేసి, గొట్టాల వరసలన్నీ గీసి, శ్రుతి దిగిన వాటి మీద పెన్సిలుతో నల్లగా చుక్కలు పెట్టింది. మొత్తం ఇరవై ఏడు. కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

"ఎగోన్, ఇదేదో మనిషి ఆకారంలా ఉందే."

"ఊఁ."

"ఇదిగో తల. ఇది కుడి భుజం. ఇది చెయ్యి చాపినట్టు..."

"ఊఁ."

ఆస్టా రొట్టె నమలడం ఆపింది. "ఇది నేనే."

"నడుం దగ్గర కాస్త ఎక్కువ గీశావు" అన్నాడు ఎగోన్. "కానీ నువ్వే."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదటిసారి దిగినప్పట్నుంచి."

"చెప్పొచ్చు కదయ్యా! విగోని దొంగని చేశాను. గబ్బిలాల కోసం నిచ్చెనెక్కి అటక మీదికి పోయాను!"

"నువ్వడగలేదు. పైగా అది..." ఎగోన్ చేపముక్క మీద ఉల్లిపాయ సర్దుకున్నాడు. "మా ఆవిడకి ఆ వయసొచ్చినప్పుడు నేను గరాజులోకి పోయి పడవ చేసుకున్నా. చాలా పెద్ద పడవైంది."

ఆమెకు ముట్లు ఆగి ఎనిమిది నెలలైంది. ఆ విషయం ఆమెకు తెలుసు. రోజుకు పదిసార్లు ఒంట్లోంచి ఆవిర్లు వస్తున్నాయని కూడా తెలుసు. ఆ ఆవిర్లు ఆర్గన్‌ను పాడుచేస్తున్నాయని మాత్రం ఆమె బుర్రకు తట్టలేదు. తన ఒంట్లోంచి వేడి రావడమనేది అప్పటిదాకా ఆమె లెక్కలోనే లేదు.

ఆ సాయంత్రమే యజమాని ఫ్రోడె పిలిపించాడు. కోపం లేకుండా, టేబుల్ మీద చెక్కపొడి తుడుస్తూ మాట్లాడాడు. అతను అలా మాట్లాడితేనే భయం.

"చర్చి సంఘం వాళ్ళు రెండుసార్లు ఫోను చేశారు. ఊరికే తట్టి తట్టి గొట్టం కొసలు చిరిగిపోతాయి, నీకు తెలియనిది కాదు. ఇంకొక్కసారి చూస్తాను. అప్పుడూ దిగితే వేరే మనిషిని పంపిస్తా. నువ్విక్కడే ఉందువుగాని. గాలి తిత్తులకు తోలు అంటించే పని బోలెడుంది."

తోలు అంటించడం తక్కువ పనేమీ కాదు. కానీ ఆర్గన్ లోపల నిలబడి, చీకట్లో ఒక్కో గొట్టాన్నీ దారికి తెచ్చి, ఆఖర్న అన్నీ ఒక్కటిగా పలికినప్పుడు పాదాల కింద పలక వణకడం తోలు దగ్గర ఉండదు. ఆస్టాకు జీవితంలో తన సొంతమనిపించిన చోటు ఆ మూరెడు పలకే. పనివాళ్ళంతా వెళ్ళిపోయాక ఆమె వర్క్‌షాపు మెట్ల మీద కూర్చుని డాక్టరుకు ఫోను చేసింది. బిషప్పు రావడానికి ఇంకా ఐదు వారాలుంది.

డాక్టరు డోర్టె ఆమెతో బళ్ళో చదువుకుంది. మర్నాడు క్లినిక్‌లో ఆస్టా చెప్పిందంతా విని తల అడ్డంగా ఊపింది.

"హార్మోను మాత్రలివ్వను. కాల్లో రక్తం గడ్డకట్టిన మనిషివి నువ్వు. నిద్రమాత్రలిస్తే పలక మీంచి పడతావు. కావాలంటే సూదులు వేస్తా."

"ఇంజెక్షనా?"

"కాదు, ఆక్యుపంక్చర్. రెండేళ్ళు కోర్సు చేశాను. వారానికి ఒకసారి చొప్పున ఐదు వారాలు."

ఆస్టా డోర్టె చేతుల వైపు చూసింది. బళ్ళో కుట్టుపని క్లాసులో వేడి గిన్నెలు దించడానికని డోర్టె అల్లిన గుడ్డ గుర్తొచ్చింది. నలుచదరంగా రావాల్సింది మూడు మూలలతో తేలింది. టీచరు దాన్ని గోడకు తగిలించి, ఎలా అల్లకూడదో అందరికీ చూపించింది.

"నువ్వా? సూదులా?"

"నలభై ఏళ్ళైంది ఆస్టా. ఇంకా ఆ గుడ్డ గురించేనా?"

"అంత వంకర గుడ్డని మర్చిపోవడం కష్టమే మరి."

డోర్టె నవ్వింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "చూడు, అబద్ధం చెప్పను. నా దగ్గరికొచ్చిన వాళ్ళలో సగం మంది తగ్గిందంటారు. మిగతా సగం మర్యాదకి తగ్గిందంటారు. తగ్గినవాళ్ళకి సూది వల్ల తగ్గిందా, పది నిమిషాలు ఎవరూ పిలవకుండా పడుకోబెట్టినందుకు తగ్గిందా అని అడిగితే నేను చెప్పలేను."

ఆ మాట ఆస్టాకు నచ్చింది. ఒక గొట్టం ఎందుకు తియ్యగా పలుకుతుందని జనం అడిగితే ఆమె కూడా అదే చెప్పేది. ఎందుకో తెలియదు, ఇక్కడ తడితే పలుకుతుంది. సూదులకు ఊరికే ఒప్పుకోవడం పరువు తక్కువ కనుక ఒక షరతు పెట్టింది. "పొడిచేటప్పుడు నేను చూస్తాను."

"అందరూ కళ్ళు మూసుకుంటారు."

"నేను అందరిలాంటి దాన్ని కాదు" అంది ఆస్టా. ఆ మాటకు సిగ్గుపడే సమయం తరవాత వచ్చింది.

మొదటిరోజు బల్ల మీద పడుకుని, తల పైకెత్తి, పనివాళ్ళ మీద మేస్త్రీలా చూసింది. డోర్టె వెంట్రుకంత సూదిని సన్నటి గొట్టంలో పెట్టి, చీలమండ పైన ఆనించి, వేలితో ఒక్కటి తట్టింది. అంతే. గొట్టం తీసేసింది, సూది నిలబడింది. మోకాలి కింద ఒకటి, మణికట్టు దగ్గర ఒకటి, పొత్తికడుపు మీద రెండు.

"గొట్టాన్ని మరీ గట్టిగా పట్టుకుంటున్నావు" అంది ఆస్టా. "మణికట్టు వదులు చెయ్యి. తట్టేటప్పుడు వేలే కదలాలి, చెయ్యి కదలకూడదు."

"నీ ఒంట్లో ఐదు సూదులున్నాయి. వాటి రెండో కొస నా చేతిలో ఉంది. కాస్త చూసుకుని మాట్లాడు."

డోర్టె సూదిని రెండు వేళ్ళతో కొద్దిగా తిప్పింది. చర్మం కింద ఎక్కడో లోతుగా బరువైన నొప్పి ఒకటి పుట్టి పాదం దాకా జారింది. అది పొడిచిన నొప్పి కాదు. పెద్ద గొట్టం పలికినప్పుడు పలక వణికినట్టుంది. ఆస్టా నోరు మూసుకుంది. డోర్టె మిగతా సూదుల్ని కూడా అలాగే తిప్పింది. తొందర లేదు, వణుకు లేదు, ఒక్క కదలిక ఎక్కువ లేదు. ఇది మాటల వైద్యం కాదని, చేతి పనేనని ఆస్టాకు అర్థమైంది.

"చెడ్డగా లేదు" అంది.

ఆ ప్రాంతపు మనిషి నోట అంతకు మించిన పొగడ్త రాదు. డోర్టె చెవులు ఎర్రబడ్డాయి.

మొదటి వారం ఏమీ మారలేదు. ఆస్టా వడ్రంగి పెన్సిలుతో, జేబులో పెట్టుకున్న చెక్కముక్క మీద వచ్చిన ఆవిరికల్లా ఒక గీత గీసింది. రోజుకు పదకొండు. వచ్చిందో లేదో అని కనిపెట్టి చూసిన ఒకరోజు పదమూడు.

రెండో వారం డోర్టె సూదులన్నీ పెట్టి, పది నిమిషాల్లో వస్తానని దీపం తగ్గించి వెళ్ళింది. ఆ పది నిమిషాల్లో వృద్ధాశ్రమంలో ఎవరో పడిపోయారని కబురు రాగా పరిగెత్తింది. ఈ సంగతి ఆస్టాకు తెలియదు. పది నిమిషాలైంది. పదిహేనైంది. పిలుద్దామా అనుకుంది. డాక్టరు పనిలో ఉంటుంది, ఎందుకు ఇబ్బంది పెట్టడం అనుకుంది. ఇరవై ఐదు నిమిషాలకు, బహుశా తనది పెద్ద జబ్బని ఎక్కువసేపు ఉంచారేమోనని అనుకుంది. ముక్కు దురద పెట్టింది. చేతిలో సూది ఉంది కనుక గోక్కోలేదు. తల పక్కనే గోడకు పిలిచే గంట ఉంది. దాన్ని నొక్కితే తను ఓర్చుకోలేని మనిషి అనుకుంటారని అదీ నొక్కలేదు. ఆ తరవాత ఏమైందో ఆమెకు తెలియదు. గంటా పావు తరవాత క్లినిక్ కట్టేస్తూ దీపాలార్పడానికి వచ్చిన రిసెప్షన్ ఆవిడ, బల్ల మీద ఐదు సూదులతో గురకపెడుతున్న మనిషిని చూసి అరిచింది.

డోర్టె ఆ సాయంత్రం ఫోనులో క్షమాపణ మీద క్షమాపణ చెప్పింది. "పిలవచ్చుగా ఆస్టా! గంటా పావా!"

"నాకేం తెలుసు, అది వైద్యంలో భాగమేమో అనుకున్నా."

"ముక్కు దురద కూడానా?"

"అది కష్టమైన భాగం అనుకున్నా."

కానీ ఆ రాత్రి ఆమె ఆరు గంటలు నిద్రపోయింది. ఆగస్టు తరవాత అంత నిద్ర అదే మొదటిసారి. పొద్దున లేచి చెక్కముక్క చూసుకుంటే ఆ రాత్రి గీతలు రెండే ఉన్నాయి. సూది చలవో, గంటా పావు చలవో తేల్చుకోలేకపోయింది. పనిచేసిన పనిముట్టును పెట్టెలో పెట్టుకోవాలి, అది ఎక్కడి నుంచి వచ్చిందని ఆరా తీయడం పనిలేనివాళ్ళ పని అనుకుంది.

ఇంత జరుగుతున్నా వర్క్‌షాపులో నిజం చెప్పలేదు. మంగళవారం మధ్యాహ్నాలు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని చెప్పింది. నాలుగో మంగళవారం ఎగోన్ బండి తాళం తీస్తూ అడిగాడు.

"నీకసలు మొత్తం ఎన్ని పళ్ళు?"

"ముప్పై రెండు."

"ఇంకా చాలా వారాలు పడుతుందన్నమాట." ఆమె కాలివైపు చూశాడు. మేజోడు జారిన చోట, చీలమండ పైన చిన్న నీలిమచ్చ ఉంది. "కొత్త పద్ధతా? కింది నుంచి మొదలెడుతున్నారు?"

ఆస్టా బండెక్కి తలుపు వేసుకుంది. తను చాలా తెలివిగా దాచానని ఆ నిమిషం దాకా అనుకుంది.

ఐదో వారానికి చెక్కముక్క మీద గీతలు రోజుకు ఐదు దగ్గర నిలబడ్డాయి. కొన్నిరోజులు ఆరు. పూర్తిగా పోలేదు. డోర్టె పోతాయని చెప్పలేదు కూడా. గురువారం ఆఖరి శ్రుతి పెట్టుకున్నారు.

ఆ రోజు చర్చి నిండా జనం ఉన్నట్టనిపించింది ఆస్టాకు. నిజానికి ఉన్నది నలుగురు. పైన వాయించే మెట్ల ముందు ఎగోన్. కింద ముందు వరసలో పాటల జాబితాతో ఊల్లా, హీటరు పక్కన విగో. వాళ్ళతోపాటు చర్చి సంఘం పెద్ద ఆక్సెల్. పందులు పెంచే ఆ ముసలి రైతు ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకుని, ఈసారేమవుతుందో చూద్దామని దుప్పటి కప్పుకుని మరీ కూర్చున్నాడు.

పెద్ద గొట్టాలు అయ్యాయి. నడిమి వరసలు అయ్యాయి. మూడు గంటలు ఒక్క ఆవిరి రాలేదు. ఆస్టాకు చిన్న గర్వం తలెత్తింది. సన్న గొట్టాల వరస మొదలుపెట్టింది. సగం దాకా వచ్చింది. అప్పుడు చెవుల పైభాగం వెచ్చబడింది.

ఆమెకు ఆ గుర్తు బాగా తెలుసు. ఇంకో రెండు నిమిషాల్లో ఒళ్ళంతా భగ్గుమంటుంది. ఇదివరకైతే ఆ రెండు నిమిషాల్లో వీలైనన్ని గొట్టాలు తట్టేద్దామని తొందరపడేది. ఆ తొందరలో తట్టినవే మర్నాటికి దిగిపోయేవి. ఇప్పుడు బయటికి వెళ్ళాలి. ఊరికే వెళ్తే సరిపోదు. ఒళ్ళు చల్లబడడానికి ఇరవై నిమిషాలు, గొట్టాలు చల్లబడడానికి ఇంకో ఇరవై. ఆ నలభై నిమిషాలకు కింద కూర్చున్న వాళ్ళకు ఏదో ఒకటి చెప్పాలి.

టార్చి బ్యాటరీ అయిపోయిందని చెబుదామని నోరు తెరిచింది. అలా అంటే విగో నిమిషంలో బ్యాటరీ తెచ్చిస్తాడు. కోను కింద పడిపోయిందంటే అందరూ నిచ్చెనెక్కి లోపలికి వచ్చి వెతుకుతారు, ఇంకో నలుగురి వేడి గొట్టాలకు తగులుతుంది. నలభై నిమిషాలకు సరిపడా అబద్ధం ఆమె దగ్గర ఒక్కటీ లేదు. నిజానికి మాత్రమే అంత పొడుగుంది.

"ఎగోన్, ఆపు" అంది. "నాకు ఒంట్లో ఆవిరి వస్తోంది. ముట్లాగిన ఆవిరి. నలభై నిమిషాలు ఈ గొట్టాల దగ్గరికి ఎవరూ రావద్దు. నాతో సహా."

ఆ చర్చిలో చీమ తుమ్మినా చివరి వరస దాకా వినపడుతుంది. కింద నుంచి ఆక్సెల్ గొంతు వినిపించింది.

"ఆవిరా? విగో, హీటరు లీకవుతోందా?"

"హీటరు కాదండీ" అన్నాడు విగో నెమ్మదిగా. "ఆస్టా."

ఆస్టా మెట్లు దిగి, వాళ్ళ ముందునుంచే, వాళ్ళ మొహాలు చూడకుండా చర్చి తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది. నవంబరు ఆఖరు. ఫ్యోర్డ్ మీంచి గాలి కోస్తోంది. ఆమె స్వెటరు విప్పి, చేతుల్లేని బనియనుతో సమాధుల మధ్య నిలబడింది. మొహం మండుతోంది, వీపు మీంచి చెమట కారుతోంది. రోడ్డు మీద ట్రాక్టరు మీద పోతున్న రైతు ఒకడు ఆమెను చూసి, ఇందులో వింతేమీ లేనట్టు చెయ్యెత్తి పలకరించాడు. ఆమె కూడా చెయ్యెత్తింది.

కాసేపటికి ఊల్లా కాఫీ కప్పుతో వచ్చింది. ఆస్టాను చూసి కప్పు వెనక్కి తీసుకుంది.

"వద్దులే, ఇది వేడిగా ఉంది. నేనే తాగుతా." ఒక గుటక వేసి అంది: "నాకైతే మూడో కీర్తన దగ్గర వస్తుంది. ప్రతి ఆదివారం. వీపంతా తడిసిపోతుంది. బెంచీ కింద చిన్న ఫ్యాను పెట్టుకున్నా, పాస్టరుకి చెప్పకు."

ఆస్టా చప్పున తిరిగింది. "ఫ్యానా? ఎటువైపు తిప్పి పెట్టావు?"

"నా కాళ్ళవైపు."

"గొట్టాలకి గాలి తగలట్లేదుగా?"

"ఒళ్ళు కాలుతూ బనియనుతో చలిలో నిలబడి ఉన్నావు, నీకు గొట్టాల బెంగ" అంది ఊల్లా. "తగలట్లేదులే తల్లీ."

నలభై నిమిషాలు అని చెప్పింది కనుక ఆస్టా నలభై నిమిషాలూ బయటే ఉంది. ఇరవై నిమిషాలకే చలి పుట్టి పళ్ళు టకటకలాడాయి. స్వెటరు తొడుక్కుని, సమాధుల మీద తారీకులు చదువుతూ మిగతా ఇరవై గడిపింది. లోపలికి వచ్చేసరికి ఆక్సెల్ దుప్పటి తీసేసి కూర్చుని ఉన్నాడు. లోపల వేడి తక్కువైతే ఆమెకు బాగుంటుందేమోనని అతను హీటరు తగ్గించబోతే విగో చెయ్యి పట్టుకుని ఆపాడట. పద్దెనిమిదంటే పద్దెనిమిదే. ఆస్టా పైకెక్కి, ఆవిరికి ముందు తట్టిన చివరి నాలుగు గొట్టాలూ మళ్ళీ విని చూసింది. రెండు దిగి ఉన్నాయి. సరిచేసి వరస పూర్తిచేసింది. ఆ రోజు మరో ఆవిరి రాలేదు. రోజుకు పదకొండు వచ్చే రోజుల్లో అయితే నలభై నిమిషాల చొప్పున సమాధుల దగ్గరే తెల్లారిపోయేది.

శుక్రవారం పొద్దున ఊల్లా మొదటి నుంచి చివరిదాకా వాయించింది. ఆస్టా కింద బెంచీలో కూర్చుని, చేతులు తొడల కింద పెట్టుకుని వింది. ఇదివరకు ఇరవై ఏడు దిగిన చోట, ఒక్కటి దిగింది. ఆ ఒక్కటీ ఆమె నుంచున్న వైపు కాదు, అవతలి వైపుది. కొత్త గొట్టం సర్దుకోవడం అది, ఎవరి తప్పూ కాదు. ఎక్కి ఒక్క తట్టు తట్టి దిగింది. ఆక్సెల్ లేచి, ఆదివారం బిషప్పును రమ్మని ఫోను చేస్తానని చెప్పి పందులకు మేత వేయడానికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఫ్రోడె ఫోను చేశాడు.

"ఆక్సెల్ చెప్పాడు. జనవరిలో అవతలి ఒడ్డున రెండు చర్చిలున్నాయి. నువ్వే వెళ్ళు."

ఆస్టా వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఐదు వారాలుగా మోసినదేదో దించినట్టుంది. కానీ గొంతులో ఏమీ తెలియనివ్వలేదు.

"ఒక్కోదానికి రోజున్నర రాయి."

"ఎప్పుడూ రోజేగా రాసేది?"

"ఎప్పుడూ నాకు యాభై రెండేళ్ళు లేవుగా. మధ్యలో ఒళ్ళు భగ్గుమంటుంది, బయటికి రావాలి. ఆక్సెల్ ఇదీ చెప్పే ఉంటాడు."

ఫ్రోడె గొంతు సవరించుకున్నాడు. చెప్పాడని అర్థం. "సూదులు వేయించుకుంటున్నావని ఎగోన్ అన్నాడు. తగ్గలేదా?"

"సగం తగ్గింది. ఆ సగంతోనే పని అయింది. మిగతా సగానికే పూట ఎక్కువ అడుగుతున్నా. ఎన్నాళ్ళంటావా, రెండేళ్ళు కావచ్చు, ఏడేళ్ళు కావచ్చు అంది డోర్టె."

"ఏడేళ్ళు రోజున్నర రాస్తే చర్చిలవాళ్ళు నన్ను ఊరుకుంటారా?"

"మూడుసార్లు పిలిపించుకునే కంటే రోజున్నరే చవకని చెప్పు."

అవతల కాగితం మీద పెన్సిలు గీసిన చప్పుడు. "రోజున్నర" అన్నాడు ఫ్రోడె, రాసుకుంటూ. పనివాడి బుద్ధి కదా, వెంటనే అడిగాడు: "అది వచ్చే ముందు తెలుస్తుందా?"

"చెవుల దగ్గర మొదలవుతుంది. రెండు నిమిషాలు టైముంటుంది."

"బయటికి రావడానికి సరిపోతుందా?"

"పలక మీంచి మెట్ల దాకా అర నిమిషం" అంది ఆస్టా. "మిగతా నిమిషమున్నర నన్ను నేను తిట్టుకోవడానికి."